పార్కర్ 51కి కొత్త డయాఫ్రం వేయించాలా, ఇంకో పాత పెన్ను కొని విప్పాలా?

సిరాబుడ్డి:
పెదనాన్నగారి పార్కర్ 51 నా చేతికొచ్చింది. వాక్యుమాటిక్ రకం, అంటే వెనకున్న ప్లంజర్ (చిన్న కడ్డీ) నొక్కి వదిలితే లోపలి రబ్బరు పొర కదిలి ఇంకు లాక్కునేది. బ్యారెల్ (పెన్ను గొట్టం) మీద సంవత్సరం చివరి అంకెగా 7 ఉంది కాబట్టి 1947 నాటిది. వెనక చిన్న క్యాపు విప్పి ప్లంజర్ నొక్కితే కదులుతోంది గాని ఇంకు చుక్క కూడా ఎక్కడం లేదు. లోపలి రబ్బరు డయాఫ్రం పోయిందన్నారు. ఇప్పుడు తయారయ్యే డయాఫ్రం వేస్తే పెన్ను అసలుతనం పోతుందనీ, ఇదే మోడల్ పగిలిన పెన్ను కొని దాని ఫిల్లర్ (ప్లంజరూ డయాఫ్రమూ ఉండే, ఇంకు ఎక్కించే భాగం) బిగించమనీ ఒక స్నేహితుడి సలహా. పెదనాన్నగారు మాత్రం "రాస్తే చాలురా" అంటున్నారు. ఏం చెయ్యమంటారు?

గోదావరి గట్టు:
ఆ రెండో పెన్నులో రబ్బరు మాత్రం కొత్తగా ఉంటుందా? అదీ ఎండి పెళుసెక్కే ఉంటుంది. డయాఫ్రం అంటేనే మార్చుకోవాల్సిన భాగం. ట్యూబు మార్చినంత మాత్రాన సైకిలు వేరేది అయిపోదు కదండీ. కొత్తదే వేయించండి.

పాత పాళీ:
డయాఫ్రం వరకు ఒప్పుకుంటాను. ప్లంజర్ సంగతో? మొదట్లో వచ్చిన 51ల్లో అల్యూమినియం ప్లంజర్ ఉండేది, మీ 1947 దాంట్లో ప్లాస్టిక్‌ది ఉంటుంది. దాని చివరి గుంటలో పాత డయాఫ్రం కొసన ఉండే చిన్న గోళీ ఇరుక్కుని ఉంటుంది. దాన్ని తవ్వి తీసేటప్పుడే ఆ అంచు పగులుతుంది. పగిలితే ఇంకో పెన్ను విప్పడమే దారి. నేను బ్యారెల్ పగిలిన 51లు దాచుకునేది ఇందుకే.

గోదావరి గట్టు:
పగిలినవైతే సరే. జనం బాగున్నవాటిని కూడా విప్పేస్తున్నారు. పాళీ ఒకరికి, క్యాపు ఒకరికి, మిగిలింది చెత్తబుట్టకి. ప్లంజర్ విరిగాక వెతుక్కోవచ్చు గాని ముందే ఇంకో పెన్ను ఎందుకు కొనడం?

బెజవాడ వాసు:
ఇంత టెన్షన్ ఎందుకండీ? 1948లో మొదలైన ఏరోమెట్రిక్ 51, అంటే తిత్తి నొక్కి ఇంకు ఎక్కించే రకం, కొనుక్కోండి. దాని పీవీసీ తిత్తి ఇప్పటికీ చక్కగా పనిచేసేవి బోలెడు. అదీ వద్దంటే డ్రాపర్‌తో ఇంకు పోసుకునే మన రాజమండ్రి రత్నం పెన్ను ఉంది. అందులో చివికిపోవడానికి తిత్తే లేదు.

సిరాబుడ్డి:
ఏ పెన్ను కొనాలని అడగలేదు వాసుగారూ! ఈ పెన్నే రాయాలి. డయాఫ్రం నేనే వేసుకోవచ్చా?

పాత పాళీ:
పటకారుతో మాత్రం ముట్టుకోకండి, మర నలిగిపోతుంది. ఫిల్లర్ విప్పడానికి దానికని చేసిన బిగింపు పనిముట్టు ఉంటుంది. మరను హెయిర్ డ్రయర్‌తో కొద్దిగా వేడి చేస్తే వదులవుతుంది, ఎక్కువైతే బ్యారెల్ వంకర పోతుంది. డయాఫ్రం కొనేటప్పుడు 51కని చెప్పండి. పెద్ద వాక్యుమాటిక్ పెన్నులకు వేసే సైజు దీనికి పట్టదు. బ్యారెల్ లోపల అతుక్కున్న పాత రబ్బరు మొత్తం గీకెయ్యాలి, లేకపోతే కొత్తది కూడా కారుతుంది. అన్నీ చేశాక కూడా సగమే నిండితే డయాఫ్రాన్ని తిట్టకండి, బ్రీదర్ ట్యూబు (బ్యారెల్ లోపలి సన్నని గొట్టం) విరిగిందేమో చూడండి.

గోదావరి గట్టు:
ఇంకోటి. పెదనాన్నగారి దగ్గర ఆ కాలపు పార్కర్ వాళ్ల సూపర్‌క్రోమ్ ఇంకు సీసా ఉంటే షోకేసులో పెట్టుకోండి, పెన్నులో పోయకండి. లోపలి భాగాలను తినేస్తుంది.

సిరాబుడ్డి:
సీసా లేదు లెండి. డయాఫ్రం తెప్పిస్తున్నాను. ఆ గోళీ తీసే పని మాత్రం చేయి తిరిగినవాళ్లకే ఇస్తాను.

పాత పాళీ:
ప్లంజర్ విరిగితే నాకు రాయండి. ఫిల్లర్ వరకు ఇస్తాను, పెన్ను మొత్తం అడగొద్దు!