కేంద్రకం దాటించేది ఎవరు? ‘అణు ఎగుమతి ప్రోటీన్’ గురించి

ప్రశ్న: ఫ్లూ వైరస్ పరిశోధనలో వాడే ఒక యాంటీబాడీ వివరాల పత్రాన్ని తెలుగు చేస్తున్నాను. అది ‘న్యూక్లియర్ ఎక్స్‌పోర్ట్ ప్రోటీన్’ జాడ చూపుతుంది. యంత్రానువాదం ‘అణు ఎగుమతి ప్రోటీన్‌ను గుర్తించే ప్రతిరక్షకం’ అంటోంది. సరేనా?

జవాబు: ముందు ‘అణు’ను తీసేయండి. చదివినవారికి యురేనియం వ్యాపారం స్ఫురిస్తుంది. ఇక్కడి న్యూక్లియస్ జీవకణంలోని కేంద్రకం.

‘ఎగుమతి’ మంచి తెలుగు మాట. సరుకును ఓడకెక్కిస్తే ఎగుమతి, దించితే దిగుమతి. తమిళుల ఏట్రుమది, ఇరక్కుమదిలోనూ ఆ ఎక్కించడం, దించడమే ఉన్నాయి. కానీ ‘కేంద్రక ఎగుమతి’ అంటే బయటికి పోయేది కేంద్రకమా, కేంద్రకంలోని మరొకటా? సమాసం విభక్తిని మింగేసింది.

ఈ ప్రోటీన్‌కు పేరు మారడం కొత్త కాదు. మొదట ‘ఎన్ఎస్2’ అన్నారు, అంటే వైరస్ నిర్మాణంలో చేరని రెండవ ప్రోటీన్ అని. తీరా అది వైరస్ రేణువుల్లోనూ దొరికింది! 1998లో పనిని బట్టి ‘న్యూక్లియర్ ఎక్స్‌పోర్ట్ ప్రోటీన్’, పొట్టిగా ‘ఎన్ఈపీ’ అని పేరు పెట్టారు. 121 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్. ఫ్లూ వైరస్ తన జన్యు పదార్థమైన ఆర్ఎన్ఏ నకళ్లను కేంద్రకంలో తయారు చేసుకుంటుంది. వాటిని బయటికి చేర్చడంలో దీని పాత్ర ఉంది. కనుక ‘కేంద్రకం దాటించే ప్రోటీన్’ అందాం.

మరొక సభ్యురాలు: దాటించే పడవ సీఆర్ఎం1. అది మన కణంలోని ప్రోటీనే. ఎన్ఈపీ ఆ పడవకూ వైరస్ సరుకుకూ నడుమ కట్టిన తాడు. పడవ పేరు తాడుకు పెట్టవచ్చా?

జవాబు: పెట్టకూడదు, ఒప్పుకుంటున్నాను. ‘ఎన్ఈపీ’ని అలాగే ఉంచి, మొదటిసారి వచ్చిన చోట ‘వైరస్ ఆర్ఎన్ఏ కేంద్రకం దాటడానికి తోడ్పడే ప్రోటీన్’ అని వివరిస్తే చాలు.

‘ప్రతిరక్షకం’ దగ్గర మాత్రం నేను పట్టు వదలను. పాఠ్యపుస్తకాల్లో, ఒంట్లో జరిగే రక్షణ గురించి చెప్పేటప్పుడు అది చక్కగా అమరుతుంది. ప్రయోగశాల సీసాలోనిది ఎవరినీ రక్షించదు. చాలాసార్లు కుందేలుకు ఆ ప్రోటీన్‌నో దాని ముక్కనో సూదిమందుగా ఇచ్చి, దాని రక్తం నుంచి తీసుకున్న పనిముట్టు అది. పాల్ ఎర్లిక్ 1891లో వాడిన జర్మన్ మాట ‘యాంటీకోర్పర్’లోనూ రక్షణ అనే అర్థం లేదు. ‘యాంటీబాడీ’ అనే రాయండి, పత్రికల పాఠకులందరికీ తెలుసు.

‘గుర్తించే’కు బదులు ‘గుర్తుపట్టే’ వాడమని నా విన్నపం. యాంటీబాడీ ప్రోటీన్ మొత్తాన్ని చూడదు. దాని మీద ఉన్న ఒక చిన్న గుర్తును వెతికి, దాన్నే గట్టిగా పట్టుకుంటుంది. ఆ గుర్తూ, ఆ పట్టూ రెండూ మన క్రియలోనే ఉన్నాయి. ఇంగ్లీషు ‘డిటెక్ట్’లో ఆ పట్టు లేదు.

ప్రశ్న అడిగినవారు: అయితే ఇలా రాస్తున్నాను: ‘ఎన్ఈపీని గుర్తుపట్టే కుందేలు యాంటీబాడీ’.

జవాబు: ‘కుందేలు నుంచి తీసిన’ అనండి. లేకపోతే గుర్తుపట్టేది కుందేలే అవుతుంది.