కార్డినల్ పిట్ట కోసం పెట్టిన గింజల ఫీడర్ ఉంచాలా, తీసేయాలా?

పెరటి కిటికీ
మేం ఉండేది ఒహాయోలో, కొలంబస్ ఊరి లోపలే, చిన్న పెరడున్న ఇల్లు. పోయిన డిసెంబరులో మా అమ్మ భీమవరం నుంచి వచ్చింది. చలికి బయట అడుగుపెట్టలేక రోజంతా వంటింటి కిటికీ దగ్గరే కూర్చునేది. ఒకరోజు పొద్దున్నే, ఇంకా సరిగా తెల్లారకముందే, "మంచు మీద కుంకుమ ముద్దలా ఏదో పిట్ట, రండి రండి" అని ఇల్లంతా లేపింది. అదే కార్డినల్. ఈ రాష్ట్ర పక్షి అదేనని మా పాప స్కూల్లో నేర్చుకున్నది చెప్పింది. మర్నాడే ఫీడర్ కొని పొద్దుతిరుగుడు గింజలు పోశాం. ఇప్పుడు ఎర్రని మగది, లేత గోధుమ రంగు ఆడది జంటగా వస్తున్నాయి. చికడీలు, జంకోలు, బ్లూ జేలు కూడా.

ఇప్పుడు పక్కింటావిడ ఫీడర్ తీసేయమంటున్నారు. ఎలుకలు చేరతాయట, పిట్టలకు రోగాలు అంటుకుంటాయట, అలవాటు చేస్తే సొంతంగా తిండి వెతుక్కోవడం మరిచిపోతాయట. మా ఆయన ఆవిడ చెప్పిందే నిజమంటున్నారు. అమ్మ మాత్రం "సంక్రాంతికి చూరుకు వరి కంకుల కుచ్చులు కట్టేవాళ్లం, పిచ్చుకలు వచ్చి తినేవి, పిట్టకు గింజ వేయడం ఎప్పటి నుంచి తప్పయింది" అని బాధపడుతోంది. తెలిసినవాళ్లు నిజం చెప్పండి.

రాలీ తోటమాలి
అమ్మగారి మనసు నాకు అర్థమైంది, అయినా నేను తీసేయమనే చెబుతాను. పిట్ట బతకడానికి కావలసింది గింజ ఒక్కటే కాదండి. కార్డినల్ పెద్దయ్యాక గింజలు తింటుంది, గూట్లో పిల్లలకు మాత్రం ఎక్కువగా పురుగులే పెడుతుంది. డెలావేర్ యూనివర్సిటీలో కీటకాల ప్రొఫెసర్ డగ్ టాలమీ లెక్క ప్రకారం ఒక చికడీ జంట ఒక్క విడత పిల్లల్ని పెంచడానికి 6,000 నుంచి 9,000 గొంగళిపురుగులు కావాలి. ఆ పురుగులు ఫీడర్లో దొరకవు, ఇక్కడి నేలలో పుట్టిన ఓక్ లాంటి చెట్ల మీద దొరుకుతాయి. మనవాళ్లు ఇల్లు కొనగానే పెరడంతా గడ్డి పరిచి, మందు కొట్టి, ఆ మధ్యలో ఒక ఫీడర్ వేలాడదీసి పిట్టల్ని కాపాడుతున్నాం అనుకుంటారు. నాకు కోపం అక్కడే. ఆ డబ్బుతో ఒక డాగ్‌వుడ్ మొక్క నాటండి, దాని ఎర్రపళ్లు కార్డినల్‌కు ఇష్టం.

చలిదేశం
తోటమాలి గారు చెట్ల గురించి చెప్పింది ఒప్పుకుంటాను, కానీ తీసేయమనడం ఒప్పుకోను. ముందుగా ఆ అలవాటు మాట. విస్కాన్సిన్‌లో చికడీల మీద ఇదే ప్రశ్నతో పరిశోధన చేశారు. ఫీడర్ దగ్గరికి వచ్చే పిట్టలు కూడా రోజు తిండిలో ఐదో వంతు మాత్రమే అక్కడ తీసుకుంటున్నాయి, మిగతాదంతా చెట్ల మీద సొంతంగా వెతుక్కుంటున్నవే. ఏళ్ల తరబడి ఉన్న ఫీడర్లు తీసేసినా ఆ చలికాలం మిగతా వాటితో సమానంగానే బతికాయి. కాబట్టి అవి సోమరులవుతాయన్న భయం వద్దు. గడ్డకట్టే చలి రోజుల్లో మాత్రం ఆ గుప్పెడు గింజలు ప్రాణం నిలబెడతాయి. కార్డినల్ వలస పోదు కదా, ఈ మంచులోనే ఉండాలి.

ఇంకో మాట. నాకు పిట్టల మీద ధ్యాస కలిగిందే ఫీడర్ వల్ల. మొదట ఎర్రది చూశాను, తర్వాత దాని పేరు వెతికాను, తర్వాత ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్‌లో లెక్క పంపడం మొదలుపెట్టాను. 1998 నుంచి జరుగుతోంది అది, పదిహేను నిమిషాలు చూసి రాస్తే చాలు. కిటికీ దగ్గర కూర్చునే మనిషి లేకపోతే పిట్టలు తగ్గిపోతున్నాయన్న సంగతి ఎవరికి పడుతుంది? 1970 నుంచి అమెరికా, కెనడాల్లో దాదాపు 300 కోట్ల పక్షులు తగ్గిపోయాయని 2019లో లెక్క తేలింది.

గూటి పక్కన
ఇద్దరూ రోగాల సంగతి తేలిగ్గా వదిలేశారు. మా ఫీడర్ మీద ఒక హౌస్ ఫించ్ కళ్లు వాచి మూసుకుపోయి, గింజ కనపడక తడుముకోవడం నేను చూశాను. రెండు రోజులు వచ్చింది, మూడో రోజు రాలేదు. ఆ కళ్ల జబ్బు 1994లో వాషింగ్టన్ డీసీ వైపు మొదట కనపడింది, ఫీడర్ల దగ్గర ఒకదాని నుంచి ఇంకోదానికి పాకుతుంది. 2021 వేసవిలో అదే వైపు బ్లూ జేలు, రాబిన్లు కళ్లు పుసులుకట్టి చచ్చిపోతుంటే ఫీడర్లు దించేయమని జనానికి చెప్పాల్సివచ్చింది.

ఉంచుకుంటే శుభ్రం చేసే ఓపికతో ఉంచుకోండి. రెండు వారాలకోసారి ఖాళీ చేసి, ఒక వంతు బ్లీచ్ తొమ్మిది వంతుల నీళ్లతో కడిగి, బాగా ఆరాక గింజలు పోయాలి. కింద రాలిన పొట్టు ఊడ్చేస్తే ఎలుకల బెడద కూడా తగ్గుతుంది. జబ్బు పిట్ట కనపడితే వెంటనే దించి రెండు వారాలు ఆగాలి. అమ్మగారు మిగిలిన అన్నం వేస్తుంటే మాత్రం మానిపించండి, అది పులిసి బూజు పడుతుంది.

కుసుమ గింజ
అమ్మగారి పిచ్చుక గురించి ఒక మాట, నొచ్చుకోకండి. అక్కడ మనం దిగులుపడే ఆ పిచ్చుకే ఇక్కడ బయటి నుంచి వచ్చిన పిట్ట. 1850ల మొదట్లో ఇంగ్లండ్ నుంచి బ్రూక్లిన్‌కు తెచ్చి వదిలారు, ఇప్పుడు దేశమంతా ఉంది, బ్లూబర్డ్ గూళ్లలోకి దూరి గుడ్లు పగలగొడుతుంది. చవక మిక్స్ ప్యాకెట్లలో చిరుధాన్యాలు ఎక్కువ, పిచ్చుకలు గుంపులుగా దిగేది వాటికే. నేను కుసుమలు మాత్రమే పోస్తాను. కార్డినల్ ముక్కు లావు, వాటిని సులువుగా పగలగొట్టుకుంటుంది, స్టార్లింగ్‌లకు, చాలావరకు ఉడతలకు అవి నచ్చవు.

ఫీడర్ ఎక్కడ పెట్టారో కూడా చూడండి. కిటికీ అద్దానికి మూడు అడుగుల లోపు గానీ, ముప్ఫై అడుగుల అవతల గానీ ఉండాలి. మధ్యలో ఉంటే పిట్ట వేగంగా వచ్చి అద్దానికి కొట్టుకుంటుంది. ఈ దేశంలో ఏటా కోట్ల పక్షులు అలాగే పోతున్నాయి. అంతకంటే ఎక్కువ చంపేవి బయట తిరిగే పిల్లులు. పక్కింటావిడకు పిల్లి ఉంటే ముందు ఆ సంగతి అడగండి.

రాలీ తోటమాలి
పిల్లుల మాట నిజం. కానీ చలిదేశం గారూ, ఫీడర్ ఉంటేనే మనిషికి ధ్యాస కలుగుతుందన్నది నేను ఒప్పుకోలేను. మా పెరట్లో ఫీడర్ లేదు. నాలుగేళ్ల కింద నాటిన పొదలో పోయిన ఏప్రిల్‌లో కార్డినల్ గూడు కట్టింది, నా ఛాతీ ఎత్తులో, మూడు గుడ్లు. పన్నెండు రోజులు ఆ వైపు తలుపు తెరవకుండా ఉన్నాం. పిల్లలు బయటికి వచ్చాక వాటి ముక్కులు నల్లగా ఉన్నాయని, అమ్మానాన్నల్లా నారింజ రంగులో లేవని మా వాడు కనిపెట్టాడు. ఏ ఫీడర్ అది చూపించగలదు?

కొలంబస్‌లో ఉన్నారు కాబట్టి ఇంకోటి. మీ వైపు ఆసియా నుంచి తెచ్చిన అమూర్ హనీసకుల్ పొద అడవుల నిండా పాకింది. దాని పళ్లు తింటే మగపిట్టలు ఇంకా ఎర్రగా కనపడతాయి, కానీ ఆ పొదల్లో కట్టిన గూళ్లు శత్రువులకు సులువుగా దొరికిపోతాయని మీ ఊరి యూనివర్సిటీ వాళ్లే పరిశోధన చేసి చూపించారు. మీ కంచె పక్కన ఉంటే వేళ్లతో సహా పీకేయండి. ఎర్రదనం చూసి అంతా బాగుందనుకోవద్దు.

చలిదేశం
అపార్ట్‌మెంట్ బాల్కనీలో ఉన్నవాళ్లు ఎక్కడ నాటాలి చెప్పండి. నాకు నేలే లేదు. అసోసియేషన్ వాళ్లు కుండీ కూడా రెండుకు మించి పెట్టనివ్వరు. నాకున్నది ఒక్క ఫీడర్, దాన్ని కడగడం నా చేతిలో ఉంది, అది చేస్తున్నాను.

పెరటి కిటికీ
అందరికీ థాంక్స్ అండి. రాత్రి అమ్మకు అన్నీ చదివి వినిపించాను. అద్దానికి కొలిచి చూస్తే తొమ్మిది అడుగులు ఉంది, పొద్దున్నే గాజుకు దగ్గరగా జరిపాం. అన్నం మాట ఆమె ఒప్పుకుంది, పిచ్చుక మాట ఇంకా ఒప్పుకోలేదు. ఏప్రిల్ దాకా ఉంచి, పురుగులు బాగా దొరికే రోజులు వచ్చాక దించుదామని ఇంట్లో అనుకున్నాం, మా ఆయన కడిగే పని తీసుకున్నారు.

అమ్మ ఒకటి చెప్పమంది. మగది ఫెన్స్ మీద కూర్చుంటే ఆ గోధుమ రంగుది పొదలోంచి పాడటం ఆమె మూడు సార్లు విన్నదట. నేను నమ్మక వెతికితే నిజమే, కార్డినళ్లలో ఆడది కూడా పాడుతుందట. ఆ పొద హనీసకులో కాదో నాకు తెలియదు, రేపు వెలుతురులో ఫోటో తీసి పెడతాను, తోటమాలి గారు చూసి చెప్పండి. అది హనీసకులే అయితే, గూడు కట్టకముందే ఇప్పుడే పీకాలా, లేక దాని పక్కన డాగ్‌వుడ్ ఎదిగేదాకా ఆగాలా?