మెట్లకూ గోడకూ మధ్య సందు, పూడ్చినా మళ్లీ విచ్చుకుంటోంది

ప్రశ్న (కాప్రా):
మాది సొంత ఇల్లు, రెండంతస్తులు. లోపలి మెట్లకూ పక్క గోడకూ మధ్య సందు పడింది. కింది మెట్ల దగ్గర నాణెం అంచు దూరేంత, పైకి వెళ్లేసరికి పెన్సిల్ దూరేంత ఉంది. మేస్త్రి తెల్ల సిమెంటు కూరి, పుట్టీ రాసి, రంగు వేశాడు. వానాకాలం పోయేసరికి అది పెచ్చులుగా లేచి మెట్ల మీద రాలుతోంది. మెట్లు కడిగిన నీరు అందులోకి దిగి కింద సామాన్ల గది గోడకు చెమ్మ పడుతోంది. ఇల్లు కుంగుతోందేమోనని అమ్మకు ఒకటే దిగులు. ఎవరిని పిలవమంటారు, మేస్త్రినా, ఇంజనీరునా?

జవాబు (ఉప్పల్):
అమ్మగారిని కంగారు పడవద్దని చెప్పండి. ఇలాంటి సందుల్లో ఎక్కువ భాగం ప్రమాదకరం కావు. మెట్లు కాంక్రీటు స్లాబు, పక్కది ఇటుక గోడ. ఎండకూ చెమ్మకూ రెండూ ఒకే తీరులో సాగవు, ముడుచుకోవు. మే నెలలో మన దగ్గర 40 డిగ్రీలు దాటుతుంది, జూన్‌లో వానలు పడగానే ఒక్కసారిగా చల్లబడుతుంది. వాటి మధ్య తెల్ల సిమెంటు పెడితే పగలక ఏం చేస్తుంది? దానికి సాగే గుణం లేదు.

అయితే పైకి వెళ్లేకొద్దీ సందు పెరగడం మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. గోడ పక్కకు ఒరుగుతున్నా అలాగే కనిపిస్తుంది. హైదరాబాద్‌లో చాలాచోట్ల కింద రాయి, మొరం ఉంటాయి కాబట్టి పునాదికి భయం తక్కువ. నల్లరేగడి అయితే వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది. గోడ పక్కన సంపు కానీ, కారే డ్రైనేజీ గొట్టం కానీ ఉందేమో చూడండి.

కొలవడం సులువే. డ్రిల్లింగ్ బిట్లు తీసుకుని, మూడు మెట్ల దగ్గర గోడ మీద పెన్సిల్ గీత పెట్టండి. ఏ బిట్టు వెనక కొస బిగుతుగా దూరుతుందో తేదీతో రాసుకోండి. ఎండాకాలంలో ఒకసారి, వానల తర్వాత ఒకసారి చూడండి. కాస్త అటూ ఇటూ మారుతుంటే మేస్త్రి చాలు. ప్రతిసారీ పెద్ద బిట్టు పడుతుంటే, మెట్ల అడుగున అడ్డంగా బీటలున్నా, తుప్పు మరకలు కనిపించినా, తలుపులు బిగుసుకుంటున్నా స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవాల్సిందే.

జవాబు (మియాపూర్):
పూడ్చే పని సంగతి నేను చెబుతాను. పాత సిమెంటు మొత్తం ఉలితో తీయించండి. దాని మీదే కొత్తది రాస్తే డబ్బు దండగ. దుమ్ము బ్రష్షుతో పూర్తిగా దులపాలి, లేకపోతే ఏ సీలెంటూ (సందులు పూడ్చే, సాగే గుణమున్న జిగురు లాంటి పదార్థం) అంటుకోదు. పెన్సిల్ దూరేంత ఉన్నచోట ముందు ఫోమ్ తాడు దూర్చాలి. సందు 8 మిల్లీమీటర్లుంటే 10 మిల్లీమీటర్ల తాడు తీసుకోండి, నొక్కితే బిగుసుకుని నిలబడుతుంది. దాని మీద పాలీయురేథేన్ సీలెంటు. సీలెంటు గోడకూ మెట్టుకూ మాత్రమే పట్టుకోవాలి, సందు అడుగుకు పట్టుకోకూడదు. మూడు వైపులా అంటుకుంటే సాగలేక చిరుగుతుంది. తాడు పెట్టేది అందుకే. కింద సన్నగా ఉన్నచోట సందును కొంచెం వెడల్పు చేయించి ఇదే పని చేయండి. సిలికాన్ మాత్రం వద్దు, దాని మీద రంగు నిలవదు.

ప్రశ్న (కాప్రా):
చాలా సంతోషమండి. గోడ ఇంకా తడిగానే ఉంది. ఈ వారమే చేయించవచ్చా?

జవాబు (మియాపూర్):
వద్దు. ముందు మెట్లు కడగడం ఆపి తడిగుడ్డతో తుడవండి. సామాన్ల గదిలో వస్తువులు గోడకు దూరంగా జరిపి, ఫ్యాను పెట్టి ఆరనివ్వండి. పైన పూడ్చాక కూడా మెట్ల అడుగున గోడ కలిసే గీతను కొన్నాళ్లు అలాగే వదిలేయండి, లోపల మిగిలిన చెమ్మ అక్కడి నుంచి బయటికి పోతుంది.