ముందు ఇండికేటర్ బల్బు: ఇంట్లో మార్చుకోవాలా, షాపులోనే మార్పించాలా?

మియాపూర్ డ్రైవర్

అందరికీ నమస్కారం. శనివారం సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ ఎడమ ఇండికేటర్ వేస్తే టిక్ టిక్ చప్పుడు మామూలు కంటే దాదాపు రెట్టింపు వేగంతో వచ్చింది. ఇంటికొచ్చి కారు చుట్టూ తిరిగి చూశాను. వెనకది వెలుగుతోంది, ఫెండర్ (ముందు చక్రం పైన రేకు) మీది చిన్నది వెలుగుతోంది, ముందుది మాత్రం చీకటి.

సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తే హెడ్‌లైట్ యూనిట్ విప్పాల్సి ఉంటుందని, మంగళవారం దాకా ఖాళీ లేదని చెప్పారు. మూడు రోజులు ముందు ఇండికేటర్ లేకుండా కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో తిరగడమంటే నాకు టెన్షన్. కారుతో వచ్చిన మాన్యువల్ తీసి చదివాను. హెడ్‌లైట్ విప్పే పనే లేదు. బానెట్ ఎత్తి, హెడ్‌లైట్ వెనక చెయ్యి పెట్టి, హోల్డర్‌ని ఎడమకి పావు చుట్టు తిప్పితే బయటికి వచ్చేస్తుందని బొమ్మతో సహా ఉంది. అలాగే తీశాను. బల్బు లోపల గాజంతా నల్లబడి ఉంది, ఫిలమెంట్ తెగి ఒక పక్కకి వేలాడుతోంది.

కొత్త బల్బు వంద రూపాయల లోపే వచ్చింది. పెట్టడానికి పది నిమిషాలు. ఇదంతా చూసి మా బావ కోప్పడ్డాడు. "కరెంటు పనులు మనం చేయకూడదు, కారు కాలిపోతే ఎవరిది బాధ్యత?" అన్నాడు. నాకైతే ఇది టైరు మార్చుకోవడం లాంటిదే, బండి నడిపే ప్రతి ఒక్కరికీ రావాలి అనిపిస్తోంది. మీరేమంటారు? కారు మోడల్ పేరు కావాలనే రాయలేదు, రాస్తే చర్చ కంపెనీల మీదికి పోతుంది.

నెల్లూరు రెడ్డి

మీ బావ గారి మాటే నాది కూడా. రెండేళ్ల కిందట నేనూ మీలాగే ధైర్యం చేశాను. బల్బు బాగానే వెలిగింది. కానీ హోల్డర్ చుట్టూ ఉండే రబ్బర్ రింగు సరిగ్గా కూర్చోలేదు, ఆ సంగతి నాకు తెలియలేదు. తర్వాత రెండు వానలు పడ్డాయి. హెడ్‌లైట్ లోపల ఆవిరి పట్టి, నీటి బొట్లు కిందికి కారాయి. రిఫ్లెక్టర్ మీది వెండి పూత పొక్కులు తేలింది. చివరికి మొత్తం హెడ్‌లైట్ కొనాల్సి వచ్చింది. ఆ రోజే షాపుకి తీసుకెళ్లి ఉంటే లేబర్ చార్జీతో పోయేది. పని చిన్నదే, ఒప్పుకుంటాను. చిన్న పని పాడైతే మాత్రం ఖర్చు పెద్దది.

ఆటోనగర్ వైర్‌మన్

విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై ఏళ్లుగా వైరింగ్ పనే చేస్తున్నాను. నా పొట్టకి సంబంధించిన విషయమే అయినా ఉన్నమాట చెబుతాను. చెయ్యి దూరే చోట హోల్డర్ ఉంటే ఈ పని ఇంట్లో చేసుకోవచ్చు. అయితే మీరిద్దరూ చెప్పని సంగతి ఒకటి ఉంది. బల్బు మార్చడంలో కాదు, బల్బు ఎంచుకోవడంలోనే జనం ఎక్కువ తప్పు చేస్తారు.

ఈ బల్బుల్లో ముఖ్యంగా రెండు రకాలు. రెండూ 12 వోల్టులు, 21 వాట్లే. తెల్ల గాజుది పీ21డబ్ల్యూ, నారింజ రంగుది పీవై21డబ్ల్యూ. మీ ఇండికేటర్ అద్దమే నారింజ రంగులో ఉంటే లోపల తెల్ల బల్బు ఉంటుంది. అద్దం తెల్లగా ఉంటే లోపల నారింజ బల్బు ఉండాలి. ఒకదాని బదులు ఇంకోటి పెట్టకుండా తయారీలోనే కట్టడి చేశారు. బల్బు అడుగున ఇత్తడి భాగానికి రెండు పక్కలా చిన్న ముళ్లు ఉంటాయి చూడండి. తెల్ల బల్బుకి అవి సరిగ్గా ఎదురెదురుగా ఉంటాయి. నారింజ బల్బుకి ఒక ముల్లు కొంచెం పక్కకి జరిగి, 150 డిగ్రీల కోణంలో ఉంటుంది. అందుకే తెల్ల బల్బు ఆ హోల్డర్‌లో కూర్చోదు.

నా దగ్గరికి వచ్చిన ఒక కారులో ఆ ముల్లుని ఆకురాయితో అరగదీసి తెల్ల బల్బు దూర్చేశారు. ఇండికేటర్ తెల్లగా కొడుతోంది. ఎదుటివాడు దాన్ని మలుపు అనుకోడు, దారి ఇస్తున్నారనో హెడ్‌లైట్ కొట్టారనో అనుకుంటాడు. కేంద్ర మోటారు వాహన నిబంధనలు 1989లో 102వ నిబంధన చూడండి. ఇండికేటర్ నారింజ రంగులోనే ఉండాలి, నిమిషానికి 60కి తగ్గకుండా 120కి మించకుండా కొట్టుకోవాలి అని స్పష్టంగా ఉంది. పాత నారింజ బల్బుల మీద పూత పెచ్చులు రాలి కూడా వెలుగు తెల్లబడుతుంది. అప్పుడు బల్బు మాడకపోయినా మార్చేయాలి.

నెల్లూరు రెడ్డి గారూ, మీకు జరిగింది నిజంగా జరిగేదే. హోల్డర్ తిప్పాక "టక్" మని పట్టుకున్నట్టు చేతికి తెలియాలి. తర్వాత మెల్లగా లాగి చూడాలి. కదిలితే కూర్చోలేదన్నమాట. అయితే ఇదే తప్పు షాపులో కుర్రాడు కూడా చేస్తాడు, హడావుడిలో ఇంకా ఎక్కువ చేస్తాడు.

సిద్దిపేట కుర్రోడు

అన్నా, ఈ గొడవంతా ఎందుకు, ఒకేసారి ఎల్‌ఈడీ వేసేస్తే బండి ఉన్నన్నాళ్లూ మార్చే పని ఉండదు కదా. నేను ఆన్‌లైన్‌లో తెప్పించి వేశాను. వేగంగా కొడుతుంటే రెసిస్టర్ పెట్టమన్నారు, పెట్టాను. ఇప్పుడు సూపర్‌గా ఉంది.

ఆటోనగర్ వైర్‌మన్

తమ్ముడూ, ఆ రెసిస్టర్ ఎక్కడ బిగించావో ఈరోజే చూసుకో.

అసలు వేగంగా ఎందుకు కొడుతుందో చెబుతాను. ఒక పక్క ముందు 21, వెనక 21, ఫెండర్ మీద 5 కలిపి 47 వాట్లు. అంటే దగ్గర దగ్గర 4 యాంపియర్లు. ముందుది మాడితే మిగిలేది 26 వాట్లు, కరెంటు సగానికి పడిపోతుంది. ఇండికేటర్‌ని వెలిగించి ఆర్పే ఫ్లాషర్ ఆ తేడా పసిగట్టి వేగం పెంచుతుంది. బల్బు పోయిందని డ్రైవర్‌కి తెలియడానికే ఆ ఏర్పాటు. ఎల్‌ఈడీ చాలా తక్కువ కరెంటు తీసుకుంటుంది కాబట్టి ఫ్లాషర్ బల్బు మాడిందనే అనుకుంటుంది. దాన్ని నమ్మించడానికి అదనంగా కరెంటు లాగే 6 ఓమ్‌ల రెసిస్టర్ పెడతారు. ఇంజన్ నడుస్తున్నప్పుడు వోల్టేజీ పదమూడున్నర దాకా ఉంటుంది. లెక్క వేస్తే ఆ రెసిస్టర్ ఒక్కటే వెలిగిన ప్రతిసారీ 30 వాట్లు వేడి కింద మారుస్తోంది. రోడ్డు పక్కన హజార్డ్ వేసి పావుగంట ఆపితే దాని మీద చెయ్యి పెట్టలేవు. దాన్ని బంపర్ ప్లాస్టిక్‌కి టేపుతో చుట్టేసినవాళ్లని చూశాను, ప్లాస్టిక్ కరిగి కిందికి జారింది. వేస్తే ఇనుప రేకుకి బిగించాలి.

ఇంకో నష్టం కూడా ఉంది. రెసిస్టర్ ఉన్నాక ఎల్‌ఈడీ పోయినా టిక్ టిక్ మామూలుగానే వస్తుంది. ముందు లైటు చచ్చిపోయిందని నీకు తెలిసేది ఎదుటివాడు గుద్దాకే.

సిద్దిపేట కుర్రోడు

ఇప్పుడే చూశాను అన్నా. హెడ్‌లైట్ కింద ప్లాస్టిక్ బ్రాకెట్‌కే కట్టారు, కట్టిన చోట రంగు మారింది. రేపు తీయించేసి మామూలు బల్బే వేయిస్తాను. చెప్పినందుకు థ్యాంక్స్.

ఖమ్మం పద్మ

మియాపూర్ అన్నయ్య గారి పక్షమే నేను. పోయిన ఏడాది హైదరాబాద్ నుంచి రాత్రి తొమ్మిదింటికి అమ్మని తీసుకుని బయల్దేరాను. సూర్యాపేట దగ్గరికి వచ్చేసరికి కుడి ఇండికేటర్ వేగంగా కొట్టడం మొదలైంది. హైవే మీద లారీల మధ్య లేన్ మారాలంటే ప్రాణం గుప్పెట్లో పెట్టుకున్నట్టుంది. ఒక ధాబా ముందు లైటు వెలుగులో ఆపాను. స్పేర్ బల్బు డ్యాష్‌బోర్డు అరలోనే ఉంది, కొన్నప్పుడు రెండు కొన్నాను కాబట్టి.

నా కారులో బానెట్ నుంచి చెయ్యి దూరదు. చక్రం లోపల నల్ల ప్లాస్టిక్ రేకు ఉంటుంది కదా, దాన్ని విప్పి అటు నుంచి తియ్యాలి. కుడి బల్బు కోసం స్టీరింగ్ పూర్తిగా ఎడమకి తిప్పాను, అప్పుడు చక్రం ముందు భాగం లోపలికి పోయి చోటు వచ్చింది. ప్లాస్టిక్ క్లిప్పులు మూడు. మధ్యలో ఉన్న బొడిపెని స్క్రూడ్రైవర్‌తో పైకి లేపి తర్వాత మొత్తం లాగాలి. తెలియక మొదటిదాన్ని గట్టిగా లాగితే విరిగిపోయింది. మిగతా రెండూ జాగ్రత్తగా వచ్చాయి. బల్బుని లోపలికి నొక్కి, ఎడమకి తిప్పి, లాగాను. అమ్మ ఫోన్ టార్చి పట్టుకుంది. మొత్తం ఇరవై ఐదు నిమిషాలు.

ఆ టైములో ఏ షాపు తెరిచి ఉంటుంది చెప్పండి? రెడ్డి గారు ఖర్చు లెక్క చెప్పారు, బాగుంది. రాత్రి హైవే మీద ఇండికేటర్ లేకుండా ఇంకో గంటన్నర నడపడానికి లెక్క ఎంత కట్టాలి? ముఖ్యంగా ఆడవాళ్లు ఇది పగలు ఇంటి దగ్గర ఒకసారి చేసి చూసుకోవాలని నా గట్టి నమ్మకం.

నెల్లూరు రెడ్డి

పద్మ గారూ, ఆ పరిస్థితిలో మీరు చేసింది సరైనదే, దాన్ని కాదనను. నేను చెప్పేది తీరిగ్గా ఉన్నప్పటి సంగతి. ఇంకా రెండు మాటలు. వారంటీలో ఉన్న కొత్త కారు వైరు ఏదైనా మనం కదిపితే, తర్వాత అక్కడే సమస్య వస్తే వాళ్లకి సాకు దొరుకుతుంది. రెండోది, ఇప్పుడు వచ్చే చాలా కార్లలో ఇండికేటర్ కూడా హెడ్‌లైట్‌లోనే కలిసిపోయిన ఎల్‌ఈడీ. అందులో మార్చడానికి బల్బే ఉండదు. "ప్రతి ఒక్కరికీ రావాలి" అనే మాట పాత బళ్లకే సరిపోతుంది.

పైగా బ్యాటరీ వైరు తియ్యకుండా చేశారు మీరందరూ. బల్బు గాజుని చేత్తో ముట్టుకోకూడదని కూడా ఎవరూ చెప్పలేదు.

ఆటోనగర్ వైర్‌మన్

వారంటీ, ఎల్‌ఈడీ సంగతులు రెండూ నిజమే రెడ్డి గారూ. బ్యాటరీ మాత్రం తియ్యక్కర్లేదు. స్విచ్ ఆపి, తాళం తీసి జేబులో వేసుకుంటే చాలు. బ్యాటరీ తీస్తే కొన్ని కార్లలో గడియారం, రేడియో, అద్దాలు ఆటోమేటిక్‌గా లేచే సెట్టింగు పోయి కొత్త పని తగులుకుంటుంది. దాని కంటే ఇంజన్ చల్లారాక చెయ్యి పెట్టడం ముఖ్యం. తాళం తీసినా కొన్ని బళ్లలో రేడియేటర్ ఫ్యాన్ దానంతట అదే తిరుగుతుంది, వేళ్లు పోతాయి.

గాజు ముట్టుకోకూడదనేది హెడ్‌లైట్ హాలోజెన్ బల్బుకి. వేలి జిడ్డు అంటిన చోట గాజు మరీ వేడెక్కి త్వరగా పోతుంది. ఈ 21 వాట్ల మామూలు బల్బుకి అంత భయం లేదు. అయినా గుడ్డతో పట్టుకోండి, పాత బల్బు బిగుసుకుపోయి ఉంటే చేతిలోనే పగులుతుంది.

మీ అందరికీ ఇంకొక్కటి. కొత్త బల్బు వేసినా వెలగకపోతే, లేదా ఇండికేటర్ వేసినప్పుడు పక్కనున్న పార్కింగ్ లైటు కూడా మిణుకుమంటే, తప్పు బల్బుది కాకపోవచ్చు, ఎర్త్‌ది (కరెంటు కారు బాడీకి తిరిగి వెళ్లే కనెక్షన్‌ది) కావచ్చు. అక్కడితో ఆపి ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లండి. రెండు పక్కలా ఏదీ కొట్టకపోతే ఫ్యూజు, ఫ్లాషర్ చూసుకోవాలి.

డాలస్ తెలుగు

ఇక్కడి సంగతి కూడా రాస్తాను, ఈ మధ్యే వచ్చిన పిల్లలకి పనికొస్తుంది. అమెరికా కార్లలో చాలావాటికి ముందు పార్కింగ్ లైటు, ఇండికేటర్ ఒకే బల్బులో ఉంటాయి, లోపల రెండు ఫిలమెంట్లు. సన్నది మామూలుగా వెలుగుతుంది, పెద్దది కొట్టుకుంటుంది. పార్కింగ్ లైటు వెలుగుతోంది కదా, బల్బు బాగానే ఉందనుకుని మా అబ్బాయి వారం రోజులు అలాగే తిరిగాడు. ఇండియా నుంచి తెచ్చిన ఒక్క ఫిలమెంట్ బల్బు అందులో పనికిరాదు.

టెక్సాస్‌లో 2025 జనవరి నుంచి మామూలు కార్లకి ఏటా చేసే సేఫ్టీ తనిఖీ ఎత్తేశారు. ఇంతకుముందు ఏడాదికొకసారైనా ఎవరో ఇండికేటర్లు చూసేవారు. ఇప్పుడు చూసుకోవాల్సింది మనమే. ఆదివారం గ్యారేజీ గోడకి ఎదురుగా కారు ఆపి, గోడ మీద పడే వెలుగు చూసుకోవడం అలవాటు చేసుకున్నాను.

మియాపూర్ డ్రైవర్

అందరికీ కృతజ్ఞతలు. నిన్న పొద్దున ఎడమది మళ్లీ ఆగిపోయింది, బావ "చూశావా" అన్నాడు. వైర్‌మన్ గారు రాసింది చదివి పార్కింగ్ లైటు చూశాను, మిణుకుమనడం లేదు. హోల్డర్ తీస్తే లోపల అడుగున ఉండే ఇత్తడి స్ప్రింగు కొన పచ్చగా చిలుము పట్టి ఉంది. మొన్న దాన్ని నేను గమనించనేలేదు. తాళం తీసేసి, సన్న గరుకు కాగితాన్ని పెన్సిల్ కొనకి చుట్టి, మెరిసేదాకా రుద్దాను. రబ్బర్ రింగు తుడిచి, తిప్పి, లాగి చూశాను. కదల్లేదు.

తర్వాత బావని కారు ముందు నిలబెట్టి, వాచీ చూస్తూ లెక్కపెట్టమన్నాను. అర నిమిషానికి 42, అంటే నిమిషానికి 84. నిన్న రాత్రి గట్టి వాన పడింది. పొద్దున చూస్తే అద్దం లోపల ఆవిరి లేదు.

బావ కారుకి కూడా కుడి పక్క ముందు బల్బు పూత రాలి తెల్లగా కొడుతోందని నిన్ననే గమనించాం. ఆయన మాన్యువల్‌లో బంపర్ విప్పాలని ఉంది. దాన్ని మాత్రం రేపు షాపుకే తీసుకెళ్తున్నాం, నారింజ బల్బు మేమే కొని జేబులో పెట్టుకుని.