పెయిర్ స్కేటింగ్: భాగస్వామి కోసం దేశం మారొచ్చా?

మా చెల్లెలు పెయిర్ స్కేటర్, అంటే మంచు మీద అబ్బాయితో జంటగా స్కేటింగ్ చేస్తుంది. తన భాగస్వామి వెన్నునొప్పితో ఆట మానేశాడు. ఇప్పుడు వేరే దేశం అబ్బాయి ఒకతను ట్రయౌట్‌కి (జంట కుదురుతుందో లేదో కలిసి ఆడి చూడటానికి) పిలిస్తే వెళ్ళొచ్చింది. ఎత్తు, బరువు బాగా కుదిరాయి. త్రో జంప్‌లో అతను విసిరే తీరు నచ్చిందట, ఒంటికాలి మీద తడబడకుండా దిగగలుగుతోంది. డెత్ స్పైరల్‌లో (అబ్బాయి చెయ్యి పట్టుకుని మంచుకు దగ్గరగా వాలి అతని చుట్టూ తిరిగే విన్యాసం) మాత్రం, ఆ చేతిపట్టు కొత్త కావడంతో, తల మంచుకు ఆనేంతగా వాలడానికి జంకుతోంది. అది సాధనతో వచ్చేదే.

నా దిగులంతా దేశం మార్పు గురించి. తను ఇప్పటికే మా దేశం తరఫున ఆడింది కాబట్టి, అతని దేశానికి మారాలంటే ఇక్కడి ఫెడరేషన్ (స్కేటింగ్ సంఘం) ఒప్పుకుని వదలాలి. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కి ఇద్దరిలో ఒకరికి తాము ఆడే దేశ పౌరసత్వం ఉంటే చాలు, ఒలింపిక్స్‌కి ఇద్దరికీ ఉండాలి. ఇలా కలిసి గెలిచినవాళ్ళూ ఉన్నారు: జర్మనీకి ఆడే అల్యోనా సావ్‌చెంకో, ఫ్రాన్స్ నుంచి వచ్చిన బ్రూనో మాసో జంట 2018 ఒలింపిక్స్‌లో షార్ట్ ప్రోగ్రామ్‌లో (పోటీలో మొదటి భాగం) నాలుగో స్థానంలో ఉండి కూడా స్వర్ణం గెలిచింది. నిజమే, కానీ ఫ్రాన్స్ అనుమతి వచ్చేదాకా వాళ్ళు పోటీలకు దూరంగా ఉండాల్సి వచ్చింది. మాసోకి జర్మనీ పౌరసత్వం ఒలింపిక్స్‌కి కొద్ది నెలల ముందే దక్కింది.

వయసు గురించి బెంగ లేదు. కెనడా పెయిర్ స్కేటర్ డియానా స్టెల్లాటో-డ్యూడెక్ 2024లో 40 ఏళ్ళకు ప్రపంచ ఛాంపియన్ అయింది కదా.

ఈ దారిలో నడిచినవాళ్ళు, కోచ్‌లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. అనుమతి కోసం ఎదురుచూస్తూ పోటీలు లేని ఆ కాలంలో మీ జంట విడిపోకుండా ఎలా నిలబడింది? కోచ్ ఫీజు, ఐస్ ఖర్చు ఎవరెంత పెట్టుకోవాలో ముందే రాసుకోవాలా? అనుమతి అడిగాక ఫెడరేషన్ ఆలస్యం చేస్తే ఏం చేయొచ్చు?