కార్ట్రిడ్జ్ ఘనత ఒడిస్సీదా, ఛానెల్ ఎఫ్‌దా?

ప్రశ్న:
నమస్కారం. టీవీకి తగిలించి ఇంట్లో ఆడుకునే తొలి వీడియో గేమ్ యంత్రం మాగ్నవాక్స్ ఒడిస్సీ 1972లో అమెరికాలో అమ్మకానికి వచ్చిందనీ, ఆట మార్చాలంటే అందులో ఒక కార్డు తీసి మరొకటి పెట్టేవారనీ చదివాను. అయినా కార్ట్రిడ్జ్ (ఆట ప్రోగ్రామున్న, తీసి మార్చగల డబ్బీ) పద్ధతి 1976 నాటి ఫెయిర్‌చైల్డ్ ఛానెల్ ఎఫ్‌తోనే మొదలైందని అంటారు. ఈ రెండింటికీ అంత తేడా ఏముంది? ఛానెల్ ఎఫే ముందుదైతే జనానికి అటారి సంస్థ పేరే ఎందుకు గుర్తుంది?

మొదటి సమాధానం:
పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి గానీ లోపల పోలికే లేదు. ఒడిస్సీ కార్డులో చిప్పు గానీ మెమరీ గానీ ఉండదు. యంత్రంలో ముందే ఉన్న సర్క్యూట్లలో ఏది దేనితో కలవాలో చెప్పే జంపర్ తీగలే దానిలో ఉంటాయి. తెరమీదికి వచ్చేవి తెల్లని చుక్కలూ ఒక గీతా మాత్రమే కనుక, మైదానమో ఇల్లో కావాలంటే రంగుల ప్లాస్టిక్ పొరను టీవీ అద్దానికి అంటించుకునేవారు. ఛానెల్ ఎఫ్‌లో ఎఫ్8 అనే మైక్రోప్రాసెసర్ ఉంది, ఆట ప్రోగ్రామేమో పసుపుపచ్చని 'వీడియోకార్ట్'లోని రోమ్ (చెరగని మెమరీ) చిప్పులో ఉంటుంది. అందువల్ల యంత్రం అమ్ముడైన నాటికి ఎవరి ఊహలోనూ లేని ఆటను కూడా తర్వాత రాసి అమ్మగలిగారు. ఈ ఘనతను ఫెయిర్‌చైల్డ్ ఇంజనీరు జెర్రీ లాసన్ ఒక్కరికే కట్టబెట్టడం మాత్రం నాకు సరిగా తోచదు. ఇంటెల్ 8080 ప్రాసెసర్‌తో తొలి నమూనా చేసినవారు ఆల్పెక్స్ సంస్థకు చెందిన వాలెస్ కిర్ష్‌నర్, లారెన్స్ హాస్కెల్. దాన్ని ఇళ్లలో వాడదగిన వస్తువుగా తీర్చినది ఫెయిర్‌చైల్డ్‌లోని లాసన్ బృందం.

రెండవ సమాధానం:
కాలిఫోర్నియాలో ఉన్న రోజుల్లో పాత సామాన్ల అమ్మకంలో నేనొక ఛానెల్ ఎఫ్ కొన్నాను. దాని చేతిపిడికి అడుగున పీట ఉండదు. ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో పైనున్న మూతను ఎనిమిది దిక్కులకూ నెట్టవచ్చు, మెలితిప్పవచ్చు, పైకి లాగవచ్చు, కిందికి నొక్కవచ్చు. శబ్దం టీవీలోంచి కాక పెట్టెలోంచే వస్తుంది (మొదట టీవీ పాడైందనుకుని అరగంట వృథా చేశాను). నాకు ముచ్చటగా అనిపించింది 'హోల్డ్' మీట: భోజనానికి పిలుపు వస్తే ఆటను ఉన్నచోటే ఆపి లేవవచ్చు. 1976లో ఇది చిన్న విషయం కాదు.

మూడవ సమాధానం:
అటారి సంగతి నేను చెబుతాను. చిత్రమేమిటంటే, ఛానెల్ ఎఫ్‌లో తెరమీది బొమ్మకే 2 కిలోబైట్ల మెమరీ ఉండగా, 1977లో వచ్చిన అటారి వీసీఎస్‌లో ఉన్న మెమరీ మొత్తం 128 బైట్లే. బొమ్మను దాచుకునే చోటు లేక, టీవీ ఒక్కో గీత గీస్తున్న క్షణంలోనే ప్రోగ్రాము ఆ గీతలో ఏముండాలో చెప్పవలసి వచ్చేది. అది ప్రోగ్రామర్లకు నరకమే అయినా, కదిలే వస్తువులను చూపే పని ప్రత్యేకమైన చిప్పు చూసుకోవడంతో ఆటలు చురుగ్గా ఉండేవి. ఛానెల్ ఎఫ్‌లో వస్తువు కదిలితే ప్రాసెసరే పాత బొమ్మను చెరిపి కొత్తది గీయాలి. దానికితోడు ఆర్కేడ్లలో (డబ్బు వేసి ఆడే ఆటల కేంద్రాల్లో) జనం క్యూ కట్టిన స్పేస్ ఇన్వేడర్స్ ఆట 1980లో అటారి కార్ట్రిడ్జ్‌గా వచ్చింది. ఫెయిర్‌చైల్డ్ అప్పటికే ఈ వ్యాపారాన్ని జిర్కాన్ సంస్థకు అమ్మేసింది.