బావిలో నేర్చిన ఈతతో స్ప్రింట్ ట్రయథ్లాన్ చేయొచ్చా? 14 వారాల టైముంది

హనుమకొండ_పరుగు

అన్నలకు, అక్కలకు నమస్తే. డిసెంబరులో హైదరాబాద్‌లో స్ప్రింట్ దూరం చేద్దామనుకుంటున్నా. 750 మీటర్ల ఈత, 20 కి.మీ. సైకిల్, 5 కి.మీ. పరుగు. 10 కి.మీ. పరుగు 58 నిమిషాల్లో అవుతుంది. సైకిల్ హైబ్రిడ్, 38 ఎంఎం టైర్లు, డిస్క్ బ్రేకులు. ఈత మాత్రం ఊళ్లో వ్యవసాయ బావిలో బెండు కట్టుకొని నేర్చుకున్నదే. తల పైకెత్తి ఎంతసేపైనా ఈదుతాను కానీ పూల్‌లో ఫ్రీస్టైల్ 25 మీటర్లకే ఆయాసం వచ్చేస్తుంది. 14 వారాలు సరిపోతాయా? రోడ్ బైక్ కొనాలా? ధర్మసాగర్ రిజర్వాయర్‌లో ప్రాక్టీస్ చేయొచ్చా?

లేన్_నాలుగు

సరిపోతాయి, వారానికి మూడు రోజులు పూల్‌కు వెళ్తేనే.

మీకు ఆయాసం రావడానికి కారణం దమ్ము లేకపోవడం కాదు. 58 నిమిషాల్లో 10 కి.మీ. పరుగెత్తే మనిషికి దమ్ము ఉంది. బావిలో తల ఎప్పుడూ పైనే ఉంటుంది కాబట్టి నీళ్లలో గాలి వదిలే అలవాటు పడదు. పూల్‌లో ముఖం ముంచగానే గాలి బిగపడతారు. లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది, గాలి చాలడం లేదనే కంగారు దాని వల్లే వస్తుంది. పైగా తల తిప్పిన ఆ కాస్త సమయంలో గాలి వదలడం, పీల్చడం రెండూ చేయబోతే సగం గాలే లోపలికి వెళ్తుంది.

మొదటి రెండు వారాలు దూరం లెక్కపెట్టకండి. నడుము లోతు నీళ్లలో నిలబడి, ముఖం ముంచి, ముక్కుతో నెమ్మదిగా బుడగలు వదలండి. తల పక్కకు తిప్పి నోటితో పీల్చండి. 20 సార్లు చొప్పున ఐదు విడతలు. తిప్పినప్పుడు ఒక కన్ను నీళ్లలోనే ఉండాలి. రెండు కళ్లూ బయటికి వచ్చాయంటే తల ఎత్తుతున్నట్టు. తల లేస్తే నడుము మునుగుతుంది, నడుము మునిగితే కాళ్లు బ్రేకు వేసినట్టే. బావి ఈతలో ఉన్న అసలు ఇబ్బంది ఇదే.

3-6 వారాల్లో 25 మీటర్లు ఎనిమిది సార్లు, మధ్యలో 20 సెకన్ల విరామం. అది సులువయ్యాక పన్నెండు సార్లు. 7-10 వారాల్లో 50 మీటర్లు పది సార్లు, ఆ తర్వాత 150 మీటర్లు ఐదు సార్లు. 12వ వారానికి ఆగకుండా 750 పూర్తవ్వాలి. కాళ్లు బలంగా కొట్టకండి, సైకిల్‌కూ పరుగుకూ అవే కావాలి.

ఈత పూల్‌లోనా, చెరువులోనా అన్నది ముందే కనుక్కోండి. పూల్ అయితే 25 మీటర్ల దానిలో 30 లెంగ్తులు, 50 మీటర్ల దానిలో 15. లెక్క తప్పేది ఎక్కువగా మధ్యలోనే. అందుకే రానూపోనూ కలిపి ఒకటిగా లెక్కపెట్టడం అలవాటు చేసుకోండి. చెరువు అయితే కింద నల్ల గీత ఉండదు, ఆరు నుంచి పది చేతులకు ఒకసారి కళ్లు మాత్రమే పైకి తెచ్చి బోయా (దారి చూపడానికి నీళ్ల మీద తేలే గుర్తు) చూసుకోవాలి. మొదటి వంద మీటర్లలో చేతులూ కాళ్లూ తగులుతాయి. గుంపులో ముందు కాకుండా వెనక పక్కన నిలబడి, నిదానంగా మొదలుపెట్టండి.

ట్రయథ్లాన్‌లో ఏ స్ట్రోక్ అయినా ఈదొచ్చు. కంగారు పుడితే బ్రెస్ట్ స్ట్రోక్‌కు మారండి, లేదా వెల్లకిలా తేలండి. బోయానో, ఆగి ఉన్న పడవనో పట్టుకొని సేద తీరడానికీ నిబంధనలు ఒప్పుకుంటాయి, పట్టుకొని ముందుకు జరగకూడదు, అంతే.

ధర్మసాగర్ వద్దు. అది దేవాదుల నుంచి నీళ్లు ఎత్తిపోసే రిజర్వాయర్. పంపింగ్ ఎప్పుడు మొదలవుతుందో, మట్టం ఎంత మారుతుందో ఒడ్డున ఉన్నవాళ్లకు తెలియదు. మన చెరువుల్లో గుర్రపు డెక్క, చేపల వలలు కూడా ఉంటాయి. వల కాలికి చుట్టుకుంటే ఎంత ఈతగాడైనా ఏమీ చేయలేడు. అనుమతి, పడవ, పక్కన మనుషులు లేకుండా ఎక్కడా దిగకండి. పూల్‌లోనే గోడ ముట్టకుండా రెండు మీటర్ల ముందే తిరుగుతూ ఈదితే చెరువు ప్రాక్టీస్ చాలావరకు అయిపోతుంది.

కాజీపేట_చైన్‌రింగ్

సైకిల్ మార్చకు తమ్మీ. 20 కి.మీ.ల హైబ్రిడ్‌కు, రోడ్ బైక్‌కు ఐదు నుంచి ఏడు నిమిషాల తేడా ఉంటది, అంతే. రిమ్ వెడల్పుకు సరిపోతే 32 ఎంఎం నున్నటి టైర్లు ఎక్కించు. నీ బరువు 70 కిలోల దగ్గర ఉంటే వెనక 60, ముందు 55 పీఎస్ఐ చాలు. రాయిలెక్క గాలి కొడితే వేగం పెరగదు, గతుకుల మీద ఎగిరెగిరి కాళ్లు అలసిపోతయ్.

వానలు పోయినంక రోడ్డు అంచుల పొంటి పల్లేరు కాయలుంటయ్. పంక్చర్లకు మొదటి శత్రువు అదే. ట్యూబ్ మార్చే ముందు టైరు లోపల చుట్టూరా వేళ్లతో మెల్లగ తడిమి ముల్లు తీయాలె. తీయకుంటే కొత్త ట్యూబ్ కూడ ఐదు నిమిషాలల్ల పోతది. వెనక చక్రం ఊడదీసే ముందు గేరు అన్నిటికన్న చిన్న పళ్లచక్రం మీదికి దించు. హైడ్రాలిక్ డిస్క్ అయితే చక్రం బయటున్నప్పుడు బ్రేక్ లివర్ ముట్టకు, ప్యాడ్లు దగ్గరికొచ్చి రోటర్ (చక్రానికుండే బ్రేకు పళ్లెం) లోపలికి పోదు. ఒక ట్యూబ్, రెండు టైర్ లివర్లు, చిన్న పంపు. ఇంట్ల నాలుగైదు సార్లు మార్చి చూసుకో.

ములుగు రోడ్డు మీద ఆత్మకూరు దిక్కు పోతే పొద్దుగాల ఆరున్నరకు తిరిగి వచ్చేటట్టు చూసుకో. దసరా దాటినంక పత్తి బండ్లు ఏనుమాముల మార్కెట్‌కు బారులు కడతయ్. సగం రోడ్డు మీద వడ్లు, మక్కలు ఆరబోస్తరు, అంచులకు రాళ్లు పెడతరు. వడ్లు ఎత్తుకుపోయినా రాళ్లు అట్లనే ఉంటయ్, చీకట్ల కనబడవు. ముందు లైటు లేకుండ పోవద్దు.

హనుమకొండ_పరుగు

చాలా థాంక్స్. ఈత నుంచి సైకిల్‌కు మారేటప్పుడు బట్టలు ఎలా? ట్రైసూట్ (ఈత, సైకిల్, పరుగు మూడింటికీ వేసుకునే ఒకే బిగుతు డ్రెస్) తప్పనిసరా? సైకిల్ దిగి పరుగెత్తితే కాళ్లు మొద్దుబారినట్టుంటాయి అంటున్నారు.

టీ1_టీ2

తప్పనిసరి కాదు తమ్ముడూ. బిగుతు స్విమ్ షార్ట్స్, దాని మీద బిగుతైన స్లీవ్‌లెస్ వేసుకొనే ఈదొచ్చు, ముందు నిర్వాహకులను అడుగు. మందం ప్యాడ్ ఉన్న సైకిల్ షార్ట్స్ వద్దు, నీళ్లు పీల్చి బరువెక్కుతుంది. ఈత అయ్యాక తడి ఒంటి మీద టీషర్టు వేసుకోబోతే చుట్టలు చుట్టుకుపోతుంది. చొక్కా లేకుండా సైకిల్ ఎక్కనివ్వరు. మెడ, చంకలు, తొడల లోపలి వైపు పెట్రోలియం జెల్లీ రాసుకో. అయితే గాగుల్స్ తుడిచి పెట్టుకున్నాకే రాసుకో, ఆ వేళ్లు అద్దానికి తగిలితే ఇక ఏమీ కనబడదు.

సైకిల్‌ను స్టాండు నుంచి తీయక ముందే హెల్మెట్ పెట్టి బకిల్ వేయాలి, తిరిగి స్టాండుకు పెట్టాకే తీయాలి. కొత్తవాళ్లకు పెనాల్టీ పడేది ఎక్కువగా ఇక్కడే. మౌంట్ లైన్ (సైకిల్ ఎక్కే చోటు చూపే గీత) దాటాకే ఎక్కాలి. గేరు తేలికదానిలో పెట్టి ఉంచు. డ్రాఫ్టింగ్ (ముందు సైకిల్‌కు అంటుకున్నట్టు వెనకే వెళ్లి ఎదురుగాలి తప్పించుకోవడం) లేని రేసులో ముందువాళ్ల వెనక ఎన్ని మీటర్లు వదలాలో బ్రీఫింగ్‌లో చెప్తారు, సాధారణంగా 10. ఇయర్‌ఫోన్లు వద్దు. హ్యాండిల్ చివర మూతలు ఉన్నాయో లేదో చూసుకో.

నంబరు బెల్టుకు డబ్బులు పెట్టక్కర్లేదు. దర్జీ షాపులో మీటరు ఎలాస్టిక్, ఒక క్లిప్పు, రెండు పిన్నులు చాలు. సైకిల్ మీద నంబరు వెనక్కి, పరుగులో ముందుకు.

కాళ్లు మొద్దుబారడం నిజమే. ఆఖరి కిలోమీటరు గేరు తగ్గించి నిమిషానికి 90 తొక్కుల దగ్గర తిప్పు. ఆరో వారం నుంచి వారానికోసారి 15 కి.మీ. సైకిల్ తొక్కి వెంటనే 2 కి.మీ. పరుగెత్తు. దీనికి హనుమకొండలోని జేఎన్ఎస్ (జవహర్‌లాల్ నెహ్రూ) స్టేడియం బాగుంటుంది, 2021లో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ జరిగిన సింథటిక్ ట్రాక్ అది. సైకిల్ దగ్గర ఎవరినైనా నిలబెట్టుకో. నీ మామూలు వేగం కిలోమీటరుకు 5:48. సైకిల్ దిగాక మొదటి కిలోమీటరు 6:10కి పరుగెత్తు, అంటే 400 మీటర్ల రౌండుకు 2 నిమిషాల 28 సెకన్లు. దిగగానే వేగంగా వెళ్తున్నా నెమ్మదిగా వెళ్తున్నట్టే అనిపిస్తుంది, అందుకే వాచీని నమ్ము.

నీళ్ల_సీసా

తాగేదాని గురించి ఒక మాట. మీ రేసు మొత్తం గంటా ముప్పావు దగ్గర ఉంటుంది. తాగడానికి వీలయ్యేది సైకిల్ మీదే, 500-600 మి.లీ. చాలు. లీటరు నీళ్లకు చక్కెర 60 గ్రాములు, ఉప్పు పావు టీస్పూను, ఒక నిమ్మకాయ. ఓఆర్ఎస్ పొడి వాడితే లీటరు ప్యాకెట్‌ను అర లీటరులో కలపకండి. చిక్కగా అయితే కడుపులో బరువుగా నిలిచిపోతుంది, పరుగులో వికారం వస్తుంది. పొద్దున రెండున్నర గంటల ముందు మూడు ఇడ్లీలు, కొద్దిగా చట్నీ. పూరీ, వడ వద్దు.

ఒంటికి ఎంత చెమట పోతుందో తెలియాలంటే గంట సైకిల్‌కు ముందు, తర్వాత ఒళ్లు తుడుచుకొని బరువు చూసుకోండి. మధ్యలో తాగిన నీళ్లు కూడా కలపాలి. అర కిలో తగ్గి, అర లీటరు తాగి ఉంటే పోయింది లీటరు. ఈ లెక్క ఇప్పుడు సెప్టెంబరు ఉక్కలో ఒకసారి, నవంబరు చలిలో ఇంకోసారి చూడండి. డిసెంబరు పొద్దునకు నవంబరు లెక్కే పనికొస్తుంది.